ఏ హీరోతో తీస్తావమ్మా?

దసరా సెలవులకు మా మేనకోడలు ఇంటికొచ్చింది. యూనివర్సిటీలో సినిమా, మీడియా చదువుతోంది. పక్కింటాయన పలకరిస్తూనే, "ఏ హీరోతో తీస్తావమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తెలుగు ఎమ్మే చేస్తున్నవాణ్ణి నవల ఎప్పుడు రాస్తావని ఎవరైనా అడుగుతారా?

అయితే నాదీ ఒక పాత పాటుంది. సినిమా తరగతి గదిలో రాదు, సెట్లో ఎండకి మాడితే వస్తుంది. దర్శకుడు కె.విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో మొదలుపెట్టారు. పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది 1960లో. మనవాళ్లు 1957లోనే 'మాయాబజార్' తీసేశారు. ఇక చదువెందుకు?

ఆ పిల్ల ఆ 'మాయాబజార్' పడవ పాటనే ల్యాప్‌టాప్‌లో పెట్టుకు కూర్చుంది, సౌండు తీసేసి. షాటు షాటుకీ ఆపుతుంది. నంబరు, ఎన్ని సెకన్లు, క్లోజా మిడ్డా, కెమెరా కదిలిందా, వెలుగు ఎటునుంచి పడుతోంది అని కాగితం మీద గళ్లు నింపుతుంది. "కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల అంటూ అందరూ పొగుడుతారు గానీ మామయ్యా, అది ఎటునుంచి వస్తోందో ఎవరూ చెప్పరేం?" అంది. ఘంటసాల గొంతు వినపడకపోతే ఆ పాటేమిటని కాసేపు గొణిగాను. తర్వాత నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను.

ఆ పిల్లకి తరగతిలో ఇచ్చిన రెండో పని, ఏదైనా పాత సినిమా విడుదల తేదీకి రుజువు తేవడం. ఇదేం చదువు అనబోయి ఆగాను. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని ఏళ్ల తరబడి దండలు వేశాం, ఉపన్యాసాలిచ్చాం. చివరికి జర్నలిస్టు రెంటాల జయదేవ పాత కాగితాలు తిరగేసి, సెన్సారైంది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేల్చారు. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ సినిమా ప్రింటు మనకు మిగల్లేదు. మిగిలినవి ప్రకటనలూ, సెన్సారు వివరాలూ, పత్రికల తునకలే.

అంత పని ఒక విలేకరి ఒంటిచేత్తో చేయాల్సి రావడమే నాకు నచ్చలేదు. డైరెక్టర్లు సెట్లో తయారవుతారు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. తేదీలు సరిచూసేవాళ్లు మాత్రం సెట్లో తయారవరు. అందుకు యూనివర్సిటీల్లో సినిమా శాఖలు కావాలి, ఇప్పుడున్నవి చాలవు.

ఈ దీపావళికి ఇల్లు సర్దేటప్పుడు అటక మీద హాలు దగ్గర కొన్న పాటల పుస్తకాలు, కరపత్రాలు, పాత సినిమా పత్రికలు దొరికితే తూకానికి వేయకండి. మీకు దగ్గరలో సినిమా చదివే పిల్లలెవరైనా ఉంటే పిలిచి ఇవ్వండి.