ఎండిన బావికీ లెక్క కావాలి

2002 మార్చిలో నాసా, జర్మన్ అంతరిక్ష కేంద్రం కలిసి గ్రేస్ పేరుతో రెండు ఉపగ్రహాలను పంపాయి. అవి ఒకదాని వెనక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. వాటికి నీళ్లు కనిపించవు, బరువు తెలుస్తుంది. కింద బరువున్న చోటు రాగానే ముందున్నది ఆ లాగుడుకు కాస్త వేగం పుంజుకుంటుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరాక తగ్గుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా ఆ తేడాను కొలిచి, నెలనెలా భూమ్మీద బరువు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో లెక్క కడతారు. అందులోంచి మట్టి తేమ, జలాశయాలు, మంచు వాటా తీసేస్తే భూగర్భజలం మిగులుతుంది.

కింద జరిగే కొలత ఇంతకంటే సూటిగా ఉంటుంది. మోటార్లు ఆపి, నీరు నిలకడకు వచ్చేదాకా ఆగాలి. కేసింగ్ పైపులోకి టేపు దించుతారు. కొసన ఉన్న ప్రోబ్ నీటిని తాకగానే పైన బీప్ మోగుతుంది. అప్పుడు టేపు చూసి, నేల పైకి ఉన్న పైపు ఎత్తు తీసేసి, లోతు రాసుకుంటారు. కేంద్ర భూగర్భజల బోర్డు దేశమంతటా పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు ఇలా కొలిపిస్తూ వచ్చింది.

ఉపగ్రహం తన విలువ నిరూపించుకున్నది 2009లో. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల నీరు పోయిందని రోడెల్, వెలికోన్యా, ఫామిగ్లియెట్టి ‘నేచర్’లో రాశారు. ఆ ఏళ్లలో అక్కడ వానలు మామూలుగానే కురిశాయి. అంటే ఆ నీటిని తోడేసింది మోటార్లే. మూడు రాష్ట్రాల బావుల రిజిస్టర్లు విడివిడిగా చెప్పలేని మాటను పైనుంచి చూసిన ఒక్క కొలత చెప్పింది. పైగా ఆ డేటా ఎవరైనా తీసుకుని సరిచూసుకోవచ్చు. సరిహద్దు దాటే నదుల ప్రవాహ లెక్కలను గోప్యంగా ఉంచే మన దేశంలో అది చిన్న విషయం కాదు.

అయితే అదే పత్రంలో మనం ఆగి చూడాల్సిన అంకె ఒకటుంది. ఏటా పోయింది 4 సెంటీమీటర్ల మందం నీరు. ఒండ్రు నేలలో దాదాపు 12 శాతం నీరు వదిలే గుణం ఉంటుంది కాబట్టి మట్టం 33 సెంటీమీటర్లు దిగింది. రాయలసీమ, తెలంగాణ గ్రానైటు నేలల్లో ఆ గుణం ఒకటి నుంచి మూడు శాతమే. రెండు శాతమనుకుంటే అదే 4 సెంటీమీటర్ల నీటికి మట్టం రెండు మీటర్లు పడిపోతుంది. ఉపగ్రహానికి పలచటి పొర, రైతుకు బోరు ఎండిపోవడం. పైగా లక్షన్నర చదరపు కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతంలో గ్రేస్ లెక్కను నమ్మడం కష్టం. ఉమ్మడి అనంతపురం ఎంత పెద్ద జిల్లా అయినా 19 వేల చదరపు కిలోమీటర్లే.

అయినా రెండు కొలతలూ ఏకీభవిస్తే నమ్మాలనిపిస్తుంది. 2017లో ‘నేచర్ జియోసైన్స్’లో వచ్చిన అధ్యయనంలో అదే జరిగింది. ఉత్తరాన భూగర్భజలం తగ్గుతోందని, దక్షిణాన పెరుగుతోందని ఉపగ్రహమూ చెప్పింది, బావులూ చెప్పాయి. అదే కాలంలో దక్షిణాది రైతులు ఒక బోరు ఎండితే మరొకటి, అదీ ఎండితే ఇంకొకటి వేయిస్తూ అప్పుల్లో మునుగుతున్నారు.

ఆ చిక్కుముడిని 2019లో తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు విప్పారు. ఎండిన బావిలో కొలవడానికి ఏముంటుంది? రిజిస్టరులో ఆ గడి ఖాళీగా మిగులుతుంది. ధోరణి లెక్క కట్టేవాళ్లు ఖాళీలు ఎక్కువున్న బావిని పక్కన పెడతారు. మిగిలేవి నీళ్లున్న బావులే. వాటి సగటు చూస్తే నీరు పెరిగినట్టే ఉంటుంది. ఎండిన, వదిలేసిన బావులను కూడా లెక్కలోకి తెచ్చి చూస్తే దక్షిణాదిలో ఒత్తిడి పెరుగుతోందని తేలింది. నాకు ఇది బాగా బాధ కలిగించే విషయం. ఎక్కువ కష్టంలో ఉన్న ఊరే లెక్కలోంచి ముందుగా జారిపోతోంది.

అందుకే ఈ పోలికలో నా మొగ్గు కింది కొలత వైపే, అయితే అది ఊరివాళ్ల చేతిలో ఉన్నప్పుడు. 2003లో మొదలైన ఏపీఫామ్స్ పథకంలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల రైతులు తమ బావుల్లో మట్టం తామే కొలిచారు. వాన కొలిచారు. డ్రమ్ము నిండటానికి పట్టే సమయం చూసి బోరు ఎంత పోస్తుందో లెక్క కట్టారు. వచ్చిన అంకెలను ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీటికి ఎన్ని ఎకరాల వరి పండుతుందో, ఎక్కడ ఆరుతడి పంటకు మారాలో నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎండిన బోరును ఇక్కడ ఎవరూ మర్చిపోలేరు, అది పక్క పొలంలోనే ఉంది. ఆ అలవాటు ప్రాజెక్టు తర్వాత ఎంతవరకు నిలిచిందన్న దానిపై గట్టి విమర్శలే వచ్చాయి. అయినా రైతు చేతికి టేపు ఇవ్వడం తప్పని వాటినుంచి తేలదు.

ఇప్పుడు టేపు స్థానంలోకి ఆటోమేటిక్ రికార్డర్లు వస్తున్నాయి. పీజోమీటరు అనే పరిశీలక బోరులో తీగకు వేలాడే సెన్సర్ పైనున్న నీటి ఒత్తిడిని బట్టి కొన్ని గంటలకోసారి మట్టాన్ని పంపుతుంది. పాత లోపం ఇందులోనూ దాగి ఉంది. నీరు సెన్సర్ కిందికి జారితే వచ్చే రీడింగు పనికిరాదు, దాన్ని తీసేయడం సులువు. తీసేయకూడదు. ఏ తేదీన నీరు ఎన్ని మీటర్ల కిందికి పోయిందో ఆ వరసలోనే రాయాలి. ఆ ఏడు ఆ ఊళ్లో ఎన్ని బోర్లు ఎండాయో, కొత్తవి ఎంత లోతుకు దించారో దాని పక్కనే ఉండాలి. గ్రేస్ వారసురాలిగా 2018లో వెళ్లిన గ్రేస్-ఎఫ్‌ఓ ఇచ్చే నెలవారీ పటాన్ని ఆ పట్టికతో కలిపి ప్రచురించే బాధ్యత రాష్ట్ర భూగర్భజల శాఖలది.