ఒప్పుకున్నారు కదా!

కిందటి శీతాకాలం సెలవుల్లో మా అబ్బాయి 'వెన్ దే సీ అస్' చూడాలన్నాడు. స్కూల్లో ఏదో వ్యాసం రాయాలట. వాడికి పదిహేనేళ్ళు. ఆ వయసు పిల్లల మీద తీసిన సీరీస్ కాబట్టి ఒక్కడివే చూడొద్దు, అందరం కూర్చుని చూద్దామన్నాను. నాలుగు భాగాలు, దాదాపు ఐదు గంటలు. మొదటి భాగం సగంలోనే మా ఆవిడ గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది పూర్తయ్యాక మావాడు అడిగాడు: "నాన్నా, చెయ్యనప్పుడు చేశామని ఎందుకు చెప్పారు?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2002 డిసెంబరులో నేను జెర్సీ సిటీలో మరో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళతో ఒక చిన్న అపార్ట్‌మెంట్లో ఉండేవాణ్ణి. ఉద్యోగాలు దొరకని రోజులు. హెచ్-1 గురించి తప్ప వేరే మాట ఉండేది కాదు. సెంట్రల్ పార్కు కేసులో ఐదుగురి శిక్షలూ కోర్టు కొట్టేసిందని టీవీలో వార్త వచ్చింది. మాలో ఒకడు అన్నం కలుపుకుంటూనే, "ఒప్పుకున్నారు కదరా! చెయ్యనివాడు ఎవడైనా ఒప్పుకుంటాడా?" అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనైతే తల కూడా ఊపాను. అమెరికా వచ్చి అప్పటికి పదహారు నెలలు. ఇక్కడి చరిత్ర ఒక్క ముక్క తెలియదు కానీ, ఫలానా వీధి దాటి వెళ్ళొద్దు, అవతల "నల్లోళ్ళ ఏరియా" అని సీనియర్లు చెప్పిన పాఠం మాత్రం మొదటి వారంలోనే వచ్చేసింది.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1989 ఏప్రిల్ 19 రాత్రి సెంట్రల్ పార్కు ఉత్తర భాగంలో పరుగుకి వెళ్ళిన ఇరవై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. తల పగలగొట్టి, చావడానికి వదిలేశారు. ఆవిడ బతికింది, కానీ ఆ రాత్రి ఏం జరిగిందో ఆవిడకి జ్ఞాపకం లేదు. అదే రాత్రి హార్లెం వైపు నుంచి ముప్పై మందికి పైగా కుర్రాళ్ళు పార్కులోకి వెళ్ళారు. వాళ్ళలో కొందరు దారినపోయేవాళ్ళని కొట్టారు, అదీ నిజమే. చివరికి అత్యాచారం కేసులో ఐదుగురు మిగిలారు. కెవిన్ రిచర్డ్‌సన్, రేమండ్ సాంటానాలకి పద్నాలుగేళ్ళు. ఆంట్రాన్ మెక్రే, యూసెఫ్ సలాంలకి పదిహేను. కోరీ వైజ్‌కి పదహారు. నలుగురు నల్లపిల్లలు, ఒకడు లాటినో. కోరీ అసలు పోలీసులు వెతుకుతున్నవాడే కాదు, స్నేహితుడు యూసెఫ్‌కి తోడుగా స్టేషన్‌కి వెళ్ళాడు. గంటల తరబడి ప్రశ్నించాక నలుగురు కెమెరా ముందు ఒప్పుకున్నారు. యూసెఫ్ తల్లి వచ్చి అడ్డుపడడం వల్ల అతను మాత్రం కెమెరా ముందుకి వెళ్ళలేదు, సంతకమూ పెట్టలేదు. అయినా శిక్ష తప్పలేదు. 1990లో రెండు విచారణల్లో ఐదుగురినీ దోషులన్నారు. చిన్నవాళ్ళు నలుగురూ ఆరేడేళ్ళ చొప్పున లోపల గడిపారు. పదహారేళ్ళు నిండిన పాపానికి కోరీని పెద్దవాళ్ళ జైల్లో వేశారు. అతను పన్నెండేళ్ళకు పైగా ఉన్నాడు.

వేరే నేరాలకి జైల్లో ఉన్న మటియాస్ రేయెస్ అనేవాడు 2002లో, అది నేను ఒక్కణ్ణే చేశానని చెప్పాడు. డీఎన్ఏ కలిసింది. ఆ ఏడు డిసెంబరు 19న శిక్షలు రద్దయ్యాయి. 2014లో న్యూయార్క్ నగరం దాదాపు 41 మిలియన్ల డాలర్లు ఇచ్చి దావా పరిష్కరించుకుంది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. రోజూ చేసే పనిలో సగం, తప్పు ఎక్కడుందో వెతకడమే. ఈ కేసులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. రేయెస్ నోరు విప్పాక గానీ నిజం తెలియలేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. దొరికిన వీర్యం ఈ ఐదుగురిలో ఎవరిదీ కాదని విచారణకి ముందే, 1989లోనే, ఎఫ్‌బీఐ పరీక్షలో తేలింది. ఒప్పుకోళ్ళు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఎక్కడ జరిగింది, ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు, ఆవిడ ఏ బట్టల్లో ఉంది, అన్నిటిలోనూ తలో మాట. డేటా ఒకటి చెప్తూంటే మన ఊహ ఇంకోటి చెప్తే, ఊహని పారెయ్యమని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. అక్కడ డేటాని పారేశారు. దొరకని ఆరోవాడు ఎవడో ఉండి ఉంటాడు అన్నారు. వాడు నిజంగానే ఉన్నాడు. అదే పార్కులో రెండు రోజుల ముందే ఇంకో స్త్రీ మీద దాడి చేశాడు. వీళ్ళని లోపల వేసి కేసు తేలిపోయిందనుకున్న ఆ వేసవిలో మరికొందరి మీద అత్యాచారాలు చేసి, ఒక హత్య కూడా చేసి, ఆగస్టులో గానీ పట్టుబడలేదు.

ఈ కేసు మీద వచ్చినవాటిలో రెండు సినిమాల గురించే ఇక్కడ నా మాట. ఒకటి 2012లో కెన్ బర్న్స్, ఆయన కూతురు సేరా బర్న్స్, అల్లుడు డేవిడ్ మెక్‌మాన్ కలిసి తీసిన డాక్యుమెంటరీ 'ది సెంట్రల్ పార్క్ ఫైవ్'. సేరా కాలేజీలో ఉండగా ఈ కేసు మీద పరిశోధన వ్యాసం రాసింది, అది పుస్తకమైంది, పుస్తకం సినిమా అయింది. రెండోది 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఏవా డువర్నే సీరీస్. డాక్యుమెంటరీ చూసినవాళ్ళు మన వాళ్ళలో పట్టుమని పదిమంది ఉంటారో లేదో. సీరీస్ చూడనివాళ్ళు తక్కువ.

సీరీస్ మీద నా ఫిర్యాదు ముందు చెప్పేస్తాను. అందులో ఒక విలన్ ఉంది. మన్‌హాటన్ ప్రాసిక్యూటర్ ఆఫీసులో లైంగిక నేరాల విభాగం అధిపతి లిండా ఫెయిర్‌స్టీన్. ఆ పాత్ర తెర మీదకి వచ్చినప్పుడల్లా మనకి పళ్ళు కొరకాలనిపిస్తుంది. అలా అనిపించేట్టే రాశారు. ఆవిడ పరువునష్టం దావా వేసింది. 2024లో రాజీ కుదిరింది. ఆవిడకి డబ్బేమీ ముట్టలేదు, నెట్‌ఫ్లిక్స్ ఇన్నొసెన్స్ ప్రాజెక్టుకి మిలియన్ డాలర్లు ఇచ్చింది, ఇది నాటకీకరణ అన్న ప్రకటన చివర్నుంచి మొదటికి వచ్చింది. ఆవిడ మీద నాకు జాలేమీ లేదు. నా బాధ వేరు. విలన్ దొరికాక ప్రేక్షకుడికి హాయిగా ఉంటుంది. ఆవిడ వల్ల జరిగింది, ఆవిడ లేకపోతే జరిగేది కాదు అనుకుని టీవీ కట్టేసి పడుకోవచ్చు.

ఇక్కడ నాకు రావిశాస్త్రి గుర్తొచ్చాడు. విశాఖపట్నం కోర్టుల్లో వకాల్తాలు పట్టిన మనిషి. 'ఆరు సారా కథలు' చదివినవాళ్ళకి తెలుసు, ఆ కథల్లో విలన్ కోసం వెతికితే దొరకడు. పోలీసు తన డ్యూటీ తాను చేస్తాడు, సాక్షి తన సాక్ష్యం తాను చెప్తాడు, ప్లీడరు ఫీజు పుచ్చుకుంటాడు, మేజిస్ట్రేటు వేళకి భోజనానికి లేస్తాడు. సాయంత్రానికి ఒక పేదది జైల్లో ఉంటుంది. ఎవరికీ చేతులకి మట్టి అంటదు. నా లెక్కలో పోలీసు, కోర్టుల గురించి రాసేవాళ్ళకి అది కొలబద్ద.

ఆ కొలబద్దకి డాక్యుమెంటరీ ఎక్కువ దగ్గరగా వస్తుంది. అందులో అసలు వీడియోలు ఉన్నాయి. నిద్రలేని పిల్లలు, పక్కన తలవంచుకు కూర్చున్న పెద్దవాళ్ళు. కెమెరా ఒప్పుకోలు దగ్గరే మొదలవుతుంది. అంతకుముందు గంటలకొద్దీ జరిగింది ఎవరూ రికార్డు చెయ్యలేదు. జ్యూరీ చూసింది ఆ చివరి అంకమే. పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఆ సినిమాతో మాట్లాడడానికి రాలేదు. ఆ లోటు కనిపిస్తూనే ఉంటుంది. కానీ జ్యూరీలో కూర్చున్న ఒకాయన వచ్చాడు. ఈ ఒప్పుకోళ్ళు పొసగడం లేదని గదిలో చాలాసేపు ఒంటరిగా వాదించాడట. చివరికి మిగతావాళ్ళ ఒత్తిడికి అలిసిపోయి, సరే అన్నాడట. నేను అక్కడ ఆపి మళ్ళీ చూశాను. తలుపులు మూసిన గది, చుట్టూ పెద్దగొంతులు, ఇంటికి వెళ్ళాలన్న ఆత్రం, నిజం తెలిసి కూడా ఒప్పేసుకోవడం. పిల్లలకి జరిగింది అదే. మావాడి ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నాకు ఏ మనస్తత్వశాస్త్రం పుస్తకంలోనూ దొరకలేదు. సీరీస్‌లో ఐదు గంటలున్నాయి కానీ ఇలాంటి మనిషికి చోటు లేకపోయింది.

పత్రికల సంగతీ డాక్యుమెంటరీయే బాగా పట్టుకుంది. 'వైల్డింగ్' అన్న మాట, 'తోడేళ్ళ మంద' అన్న శీర్షికలు. మైనర్లయినా పేర్లతో సహా అచ్చేశారు. మే 1న డొనాల్డ్ ట్రంప్ నాలుగు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరణశిక్ష మళ్ళీ తెమ్మన్నాడు. విచారణ మొదలవడానికి ఇంకా ఏడాది ఉంది అప్పటికి.

ఇంతా అన్నాక సీరీస్ నాలుగో భాగం గురించి చెప్పకపోతే అన్యాయం. అది పూర్తిగా కోరీ వైజ్‌ది. మిగతా నలుగురికీ చిన్నప్పుడు ఒక నటుడు, పెద్దయ్యాక ఒక నటుడు. కోరీని మాత్రం రెండు వయసుల్లోనూ జరెల్ జెరోమే వేశాడు, ఎమ్మీ కూడా తెచ్చుకున్నాడు. మధ్యలో మొహం మారకపోవడంతో ఆ పదహారేళ్ళవాడు లోపల ఎక్కడా పెరగలేదని అనిపిస్తుంది. ఒంటరి గది, గోడ, ఊహల్లో వచ్చి కూర్చునే అక్క. అక్కడ విలన్ అవసరమే రాలేదు. డువర్నే మొదటి మూడు భాగాలూ ఇలా తీసి ఉంటే నేను ఈ వ్యాసం ఇంకోలా రాసేవాణ్ణి.

మొదటి భాగంలోనూ ఒక దృశ్యం ఉంది, మా ఆవిడ లేచి వెళ్ళింది అక్కడే. ఆంట్రాన్ తండ్రి బాబీ మెక్రే, వాళ్ళు అడిగింది చెప్పెయ్యమని కొడుకు మీద అరుస్తాడు. చెప్తే ఇంటికి పంపిస్తారని నమ్మాడు ఆ తండ్రి. డాక్యుమెంటరీలో ఇదే సంగతి ఆంట్రాన్ స్వయంగా చెప్తాడు, మొహం చూపించకుండా, గొంతు మాత్రమే. విచారణ జరుగుతుండగానే ఆ తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు.

మనవాళ్ళం ఇలాంటివి చూసి, ఇది నల్లవాళ్ళకీ పోలీసులకీ మధ్య వ్యవహారం, మనకేం అనుకుంటాం. నేషనల్ రిజిస్ట్రీ ఆఫ్ ఎగ్జోనరేషన్స్ 2022 నివేదిక ప్రకారం జనాభాలో నల్లవాళ్ళు 13.6 శాతం, తప్పుడు శిక్ష పడి తర్వాత బయటపడినవాళ్ళలో 53 శాతం. మన శాతం ఎంతో ఎవరూ అడగరు, మనమూ అడగం. 2015లో అలబామాలోని మాడిసన్‌లో మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయన పొద్దున్నే కాలనీలో నడుస్తూంటే, నల్లమనిషి ఎవరో తిరుగుతున్నాడని ఫోను వెళ్ళింది. పోలీసు నేలకేసి కొట్టాడు, వెన్నెముక దెబ్బతింది. ఆ పోలీసుకి శిక్ష పడలేదు. ఆ రోజు ఫోను చేసినవాళ్ళ కంటికి మన పాస్‌పోర్టూ, మన డిగ్రీ కనబడవు కదా.

పోనీ మన ఊళ్ళో నయమా? మన పాత సాక్ష్యాల చట్టం, 1872 నాటిది, పోలీసు ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదంది. తెల్లవాడు రాసిన చట్టమే, వాడికే తన పోలీసు మీద నమ్మకం లేదు. కొత్త చట్టంలోనూ ఆ సూత్రం అలాగే ఉంది. కాగితం మీద చూస్తే అమెరికా కంటే మనదే మేలు. అయినా ఆయేషా మీరా కేసు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆ అమ్మాయిని చంపేశారు. మర్నాటి ఆగస్టులో సత్యంబాబు అనే పేద దళిత కుర్రాణ్ణి పట్టుకుని, వీడే చేశాడు, ఒప్పుకున్నాడు అన్నారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే, వీడు కాదు మొర్రో అని మొత్తుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలింది, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్ళకు పైగా పోయాయి. అరెస్టు వార్త చదివిన రోజు మనలో ఎంతమందిమి ఏమన్నామో గుర్తు చేసుకుంటే, జెర్సీ సిటీలో అన్నం కలుపుకుంటూ అన్న మాటే.

ఈ మధ్య కొన్ని మారాయి. న్యూయార్క్‌లో పదహారేళ్ళవాణ్ణి పెద్దవాడిగా లెక్కేసే చట్టం 2017లో మార్చారు. ప్రశ్నించేటప్పుడు మైనర్లకి పోలీసులు అబద్ధాలు చెప్పకూడదని 2021లో మొదట ఇల్లినాయ్ చట్టం చేసింది. అంతదాకా చెప్పొచ్చన్నమాట, నీ స్నేహితుడు నీ పేరు చెప్పేశాడు అని. ఆ రాత్రి కుర్రాళ్ళలో స్టీవెన్ లోపెజ్ అనే ఆరోవాడి దోపిడీ కేసు 2022లో గానీ కొట్టెయ్యలేదు. 'ఫైవ్' అన్న పేరులో అతనికి ఎక్కడా చోటు దొరకలేదు. యూసెఫ్ సలాం 2023లో హార్లెం నుంచి సిటీ కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు.

నాలుగో భాగం అయ్యాక రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ వచ్చి కూర్చుంది. పోలీసులు ఎప్పుడైనా తీసుకెళ్తే ఏమనాలో మావాడికి చెప్పాం. "ఐ వాంట్ మై పేరెంట్స్ అండ్ ఎ లాయర్." అంతే, ఇంకో మాట వద్దు. నవ్వుతూ నాలుగైదు సార్లు అప్పజెప్పాడు. తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి వాడికి నేను నేర్పింది, పెద్దవాళ్ళతో వాదించొద్దని, ఆఫీసరు అడిగితే సర్ అని జవాబు చెప్పమని. గ్రీన్ కార్డు రాకముందు ట్రాఫిక్ టికెట్ ఇచ్చినప్పుడు కూడా నేను చేతులు కట్టుకున్నంత పనిచేసిన సంగతి వాడు వెనక సీట్లోంచి చూశాడు.

"మరి నువ్వొచ్చి, వాళ్ళు చెప్పినట్టు చెప్పెయ్యరా, ఇంటికెళ్దాం అంటే?" అన్నాడు.