ఇరుకింట్లో మరో బిడ్డ: సామెత, నినాదం, స్త్రీవాద రచన – ఒక పరిశీలన

కీలకపదాలు: రెండో సంతానం, ఇరుకిల్లు, సామెత, కుటుంబ నియంత్రణ నినాదం, స్త్రీవాద రచన, నిర్ణయాధికారం

మరో బిడ్డను కనాలా వద్దా అన్న ప్రశ్నను తెలుగు సాహిత్య విమర్శ ప్రధానంగా రెండు కోణాల నుంచి చర్చించింది. ఒకటి పేదరికం, రెండోది స్త్రీకి తన శరీరంపై ఉండవలసిన హక్కు. మొదటి చర్చలో బిడ్డకు కొలమానం అన్నం, రెండో చర్చలో గర్భం. రెండూ అవసరమైన కొలమానాలే. అయితే ఒకటి రెండు గదుల ఇంట్లో బతికే కుటుంబానికి మరో కొలమానం ఉంది. అది రాత్రిపూట చాపలు పరిచాక మిగిలే నేల. అత్తగారు, మామగారు, ఒక బిడ్డ, భార్యాభర్తలు పడుకునే గదిలో ఇంకొక బిడ్డకు చోటెక్కడ అనేది పైకి కనిపించే ప్రశ్న. ఆ బిడ్డ గురించి భార్యాభర్తలు నోరు విప్పి మాట్లాడుకోవడానికి చోటెక్కడ అనేది దాని వెనకనున్న ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను మన సామెతలు, నినాదాలు, రచనలు ఎలా ఎదుర్కొన్నాయో, ఎక్కడ తప్పించుకున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. క్రియాపదంలో కర్త ఎవరు?

సంతానానికి సంబంధించిన తెలుగు పలుకుబడిని గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. నెల తప్పింది, నీళ్లోసుకుంది, కడుపుతో ఉంది, పిల్లలు కలిగారు, పిల్లలు పుట్టారు. వీటిలో ఎక్కడా నిర్ణయం లేదు. ‘కలుగు’, ‘పుట్టు’ అకర్మక క్రియలు. వాటిలో బిడ్డే కర్త, తల్లిదండ్రులు ‘కు’ విభక్తితో పక్కన నిలబడతారు: ‘వాళ్లకు ఇద్దరు పిల్లలు కలిగారు’. ‘కను’ సకర్మక క్రియ, దానికి కర్త తల్లి. కానీ ఆ క్రియ వాడుకలో ఎక్కువగా వినిపించేది ‘ఇంకొకణ్ణి కనాలి’ అనే ఆదేశంలోనో, ‘ఎందుకిలా కంటున్నారు’ అనే నిందలోనో. కర్తృత్వం స్త్రీకి దక్కేది ఆజ్ఞ పాటించేటప్పుడూ తిట్లు పడేటప్పుడూ అన్నమాట.

పిల్లలు చాలనుకున్న సందర్భంలో ప్రేరణార్థకం వచ్చి చేరుతుంది: ‘ఆపరేషన్ చేయించారు’, ‘ఆపరేషన్ చేయించుకుంది’. ఇంకా తరచుగా వినిపించేది ‘ఆమెకు ఆపరేషన్ అయిపోయింది’. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. ఇంతమంది జీవితాలను మలుపు తిప్పిన సంఘటనను పత్రికలు ‘కు.ని. శస్త్రచికిత్స’ అని రెండక్షరాలకు కుదించాయి. ఆ కుదింపులో కుటుంబమూ పోయింది, నియంత్రించేది ఎవరన్న సంగతీ పోయింది.

నిర్ణయాన్ని సూచించే మాట ఇటీవలి మధ్యతరగతి వాడుకలో వినిపిస్తుంది: ‘ఇంకొకరిని అనుకుంటున్నారా?’. దీనికి జంటగా ‘ప్లాన్ చేసుకోవడం’ కూడా ఉంది గాని, ‘అనుకోవడం’ మీద ఆగవలసిన అవసరం ఉంది. అను, కొను అనే రెండు ధాతువుల కలయిక అది. వ్యుత్పత్తిని బట్టి తనకు తాను చెప్పుకోవడం. ఎదుటివారితో అనగలిగే చోటు లేనప్పుడు మనిషి చేసే పనికి ఇంతకంటే సరిపోయే క్రియ దొరకదు.

2. సామెతలు: నీరు ఉంది, నేల లేదు

1868లో కెప్టెన్ కార్ ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ వెలువరించిన నాటి నుంచి తెలుగు సామెతల సేకరణ విస్తారంగా జరిగింది. వాటిని వర్గీకరించడంలో చూపిన శ్రద్ధ, ఒకదానితో ఒకటి వాదించే సామెతలను ఎదురెదురుగా నిలిపి చదవడంలో చూపలేదు. ‘ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు’ అని ఒక సామెత తొందరపెడుతుంది. ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలచన’ అని మరొకటి హెచ్చరిస్తుంది. ఈ వాదాన్ని ఆపడానికి ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్న మూడో సామెత వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చర్చను ముగించడానికి నేటికీ వాడే మాట ఇదే.

దీనిని విధివాదంగా చెప్పి వదిలేయడం పరిపాటి. కానీ ఉపమానాన్ని వ్యవసాయం తెలిసినవారు చదివినట్టు చదివితే వేరే అర్థం బయటపడుతుంది. నారుమడిలో మొక్కలు ఒత్తుగా ఉంటాయి. నీరు ఎంత పెట్టినా అవి అక్కడే ఉంటే సరిగా కంకి వేయవు. పీకి, ఎడం ఇచ్చి, వేరే మడిలో నాటాలి. సామెత నీటి పూచీ దేవుడికి అప్పగించింది, నాటే మడి గురించి మాట్లాడలేదు. చిత్రమేమంటే కుటుంబ నియంత్రణ ప్రచారం కూడా ‘ఎడం’ అనే మాటనే స్వీకరించింది: బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం. అక్కడ అది కాలవాచి అయింది. మొక్కకూ మొక్కకూ మధ్య ఉండే జానెడు నేల అనే అసలు అర్థం అక్కడా జారిపోయింది.

ఇరుకును నేరుగా పేర్కొన్న సామెత ఒకటుంది: ‘ఇల్లు ఇరకటం, ఆలి మరకటం’. ఇల్లు, ఆలు కలిస్తే ఇల్లాలు. సామెత ఆ సమాసాన్ని విడగొట్టి, రెండు ముక్కలకూ ప్రాస కుదిర్చి, రెండింటినీ మగవాడి కష్టాల పట్టికలో చేర్చింది. రెండు వాక్యఖండాల మధ్య ‘కాబట్టి’ లేదు. ఆ మాటను చేర్చి చూస్తే సామెత తిరగబడుతుంది: ఇల్లు ఇరుకు కాబట్టి, రోజంతా ఆ ఇరుకులో వండి, తోమి, పిల్లవాణ్ణి ఆడించి, పెద్దవాళ్ల ఎదుట ఒదిగి తిరిగే మనిషి చిరాకు పడుతోంది. కారణాన్ని స్వభావంగా మార్చడానికి ఒక ప్రాస సరిపోయింది.

‘మా కాలంలో ఒకే ఇంట్లో పదిమందిమి పెరగలేదా’ అన్న వాదాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. ఆ ఇంటికి గోడల లోపలి వైశాల్యం తక్కువే కావచ్చు. కానీ వసారా, అరుగు, వాకిలి, పెరడు ఇంటిలో భాగాలే. వేసవి రాత్రి మంచాలు ఆరుబయటకు వచ్చేవి. మగపిల్లలు అరుగు మీద పడుకునేవారు. పట్నంలోని ఒంటిగది పోర్షన్‌కు గది మాత్రమే మిగిలింది. గ్రామంలో కూడా ఆ అరుగులు అన్ని వాడలకూ లేవు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో సీతారాముడు అప్పుతో పాటు బానిసత్వమూ వారసత్వంగా వెళ్లకూడదని కొడుకును చంపేస్తాడు. బిడ్డ ‘కలగడం’లో ఎన్నడూ లేని కర్తృత్వం అక్కడ ఆ భయంకర రూపంలో బయటపడింది. ‘పదిమందిమి పెరిగాం’ అనే స్మృతి ఎవరి అరుగు మీద నుంచి మాట్లాడుతోందో అడగకుండా దానిని ప్రమాణంగా తీసుకోలేం.

3. ‘మేమిద్దరం’ – ఒక సర్వనామం

1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ తరువాతి దశాబ్దాలలో ఎర్ర త్రికోణం, నాలుగు ముఖాల బొమ్మ, ‘చిన్న కుటుంబం – చింతలేని కుటుంబం’, ‘మేమిద్దరం – మాకిద్దరు’ ఊరూరా గోడలకెక్కాయి. వీటిని ప్రచార సామగ్రిగా తప్ప పాఠ్యంగా చదివినవారు తక్కువ.

తెలుగులో ‘మనం’, ‘మేము’ వేరు వేరు. ‘మేము’ వినేవారిని మినహాయిస్తుంది. ‘మేమిద్దరం’ అనడంలోనే ఆలుమగల చుట్టూ ఒక గోడ లేస్తుంది. నాలుగు ముఖాల బొమ్మలో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఉన్నారు, నాయనమ్మ లేదు. బొమ్మలో లేని నాయనమ్మ ఇంట్లో ఉంది, అదే గదిలో చాప వేసుకుని పడుకుని ఉంది. గోడ మీద ధైర్యంగా కనిపించిన ‘మేమిద్దరం’ ఆ గదిలో పలకడానికి వీలుకాని మాట. దంపతులకు తెరచాటుగా మిగిలింది దండెం మీద వేలాడే చీర. దాని వెనక గుసగుసగా సాగే సంభాషణ ఒక దగ్గుతో ఆగిపోతుంది. నినాదం చిన్న కుటుంబాన్ని కోరింది, కానీ అది ఊహించిన ఇంటికి తలుపు గొళ్లెం వేసుకోగల పడకగది ఉంది. ఇరుకింటి స్త్రీకి నినాదం కొత్త చోటు ఇవ్వలేదు. మంచంపై గుసగుసను ఆసుపత్రి వరుసలోకి మార్చింది, అంతే.

4. గదుల పేర్లు పెట్టుకున్న కవితలు

స్త్రీవాద కవిత్వం అనగానే గుర్తుకు వచ్చే రెండు కవితల శీర్షికలు గదుల పేర్లు: విమల ‘వంటిల్లు’, కొండేపూడి నిర్మల ‘లేబర్‌రూం’. మొదటిదాన్ని చాకిరీ గురించీ రెండోదాన్ని ప్రసవవేదన గురించీ చదవడం తరగతి గదుల్లో స్థిరపడింది. ఆ పఠనం తప్పు కాదు గాని, శీర్షికల్లోని స్థలాన్ని అది పట్టించుకోదు. ఇంటిలో స్త్రీ పేర రాసి ఉన్న గది వంటిల్లు. ఇంటి బయట ఆమె కోసం కట్టిన గది లేబర్‌రూం. ఒకటి రోజూ పని చేసే చోటు, మరొకటి బిడ్డను కనే చోటు. ఈ రెండింటి మధ్య, కనాలా వద్దా అని ఆలోచించుకునే గది పేరుతో ఒక ప్రసిద్ధ కవిత లేకపోవడం కాకతాళీయంగా తోచదు.

పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఆ ఖాళీకి దగ్గరగా వచ్చిన కవిత. శీర్షిక గది పేరు కాదు, కాగితం పేరు. స్టేట్‌మెంట్ ఇచ్చేది అధికారి ఎదుట, అదీ జరిగిపోయాక. స్త్రీ ఉత్తమపురుషలో మాట్లాడగలిగే వేళకు నిర్ణయం వెనకబడి ఉంటుందన్న సంగతిని శీర్షికే చెబుతోంది. ఈ కవితను శరీరంపై హక్కు ప్రకటనగా మాత్రమే చూసే విమర్శ దానిలోని ఈ ఆలస్యాన్ని గుర్తించవలసి ఉంది.

కథలో అబ్బూరి ఛాయాదేవి ఈ సమస్యకు మరింత సమీపంగా వెళ్లారు, సంతానం పేరెత్తకుండానే. ‘సుఖాంతం’ కథలోని స్త్రీకి కావలసింది కంటినిండా నిద్ర. చిన్ననాటి నుంచి సంసారం దాకా ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. చివరికి ఆమె ఆశ్రయించేది నిద్రమాత్రలను. ఎవరూ లేపని చోటు ఒకటి కావాలన్న కోరికగా ఈ కథను చదివితే, ఇంకొక బిడ్డ అంటే ఆ ఇంట్లో ఎవరి నిద్రలోంచి ఎన్ని గంటలు తగ్గుతాయన్న లెక్క కళ్లకు కడుతుంది. ‘బోన్సాయ్ బ్రతుకు’లో నగరపు ఇంట్లో కుండీలో కుదించిన చెట్టును ఆడపిల్లల పెంపకానికి ప్రతీకగా అందరూ గుర్తించారు. ప్రతీక కాకముందు అది నేల లేని ఇంటి చెట్టు కూడా.

ఈ రచనలన్నింటిలో భర్త నోరు వినిపించదు. చిన్న ఇంట్లో మరో బిడ్డ గురించి తానేం అనుకుంటున్నాడో చెప్పుకున్న పురుష కథకులు మన వచనంలో అరుదు. పరిశోధకులు దృష్టి పెట్టవలసిన వెలితి ఇది.

5. ఇంటి ప్లాను, పిల్లల సంఖ్య

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను తొలగించింది. అదే ఏడాది ఎక్కువమంది పిల్లలను కనాలని ముఖ్యమంత్రి బహిరంగంగా పిలుపునిచ్చారు. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన సాఫల్య రేటు 1.7, తెలంగాణది 1.8. జనాభా స్థిరంగా నిలవడానికి అవసరమైనది 2.1. పిలుపు వెనకనున్న ఆందోళనకు ఆధారం ఉంది.

అయితే ప్రభుత్వాలు రాసిన మరో రకం పాఠ్యాన్ని దీని పక్కన పెట్టి చదవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు ఇచ్చిన పట్టణ ఇంటి స్థలం 1 సెంటు, అంటే 48.4 చదరపు గజాలు. గ్రామంలో 1.5 సెంట్లు. ఆ స్థలంలో కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ‘డబుల్ బెడ్‌రూం’ అన్న మాట పేదవాడి భాషలోకి ఆశగా రావడానికి కారణం ఆ రెండో గది. ఇంటి ప్లానూ సంతానం గురించిన పిలుపూ ప్రభుత్వాల నుంచే వచ్చినా, రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. ‘వద్దు’ అన్న నాటి నినాదంలోనూ ‘కనండి’ అన్న నేటి పిలుపులోనూ క్రియ విధిరూపంలోనే ఉంది, ఇల్లు ప్రస్తావనకు రాలేదు.

ఈ పిలుపులకు ఇళ్లలో వస్తున్న జవాబును కూడా భాషగా గమనించవచ్చు. ‘ఇంకొకరిని అనుకుంటున్నారా?’ అని బంధువులు అడిగినప్పుడు కోడలు సాధారణంగా ఇచ్చే సమాధానం ‘చూద్దాం’. వ్యాకరణరీత్యా ‘-దాం’ వినేవారిని కలుపుకునే ప్రత్యయం, ‘మేమిద్దరం’కు సరిగ్గా వ్యతిరేకం. అడిగినవారిని, అత్తగారిని, గదిలో ఉన్న అందరినీ అది నిర్ణయంలోకి చేర్చుకుంటుంది. ఆ మాటతో అప్పటికి ప్రశ్న వాయిదా పడుతుంది. దానిని అంగీకారంగా విన్నవారు ఉయ్యాల గొలుసులు వెతుకుతారు, ఆమె మాత్రం ‘చూద్దాం’ అంటూనే చాపలు చుట్టి అటక మీద పెడుతుంది.