కొలబద్దగా మారిన జ్వరం మాత్ర

వారానికొకసారి వేసుకునే షుగరు సూదులు, బరువు తగ్గించే సూదులు మన దగ్గర బాగా వినబడుతున్నది ఈమధ్యే. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో మన మార్కెట్లోకి వచ్చాయి. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు మాత్రం ఎప్పటి నుంచో ఉన్నవే. అందుకే జమ్మలమడుగు వైపు మెడికల్ షాపు ముందు ఇలాంటి ప్రశ్న వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు: "వారానికోతూరి సూది ఏసుకుంటాండాన్నా, ఈ మాత్ర మింగొచ్చునా?"

చాలా మంచి ప్రశ్న ఇది. ఈ సూదులు ఆకలిని తగ్గించడంతో పాటు కడుపులో పడ్డది పేగులోకి దిగే వేగాన్నీ తగ్గిస్తాయి. మరి మింగిన మాత్ర ఏమవుతుంది? దీనికి జవాబు రాబట్టిన పరీక్షలోని పనితనం నాకు ఎంతగానో నచ్చింది. అందులో కొలబద్దగా పనికొచ్చింది మనందరి ఇళ్లలో ఉండే పారాసిటమాల్ మాత్రే.

ఆ పరీక్షకు పునాది పడింది 1973లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో. పారాసిటమాల్ జీర్ణాశయంలో దాదాపు రక్తంలోకి చేరదు, చిన్నపేగులోకి దిగగానే చకచకా చేరిపోతుంది. అంటే మాత్ర మింగించి, కొంతకొంత వ్యవధిలో రక్తం తీసి చూస్తే, కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో తెలిసిపోతుంది. హెడింగ్, నిమ్మో, ప్రెస్కాట్, టాట్‌హిల్ అనే నలుగురూ కడుపు ఖాళీ అయ్యే వేగాన్నీ, రక్తంలో పారాసిటమాల్ స్థాయినీ పక్కపక్కన కొలిచి, రెండూ కలిసే నడుస్తాయని చూపించారు. అంతటితో ఆగలేదు. కడుపును నెమ్మదింపజేసే ప్రోపాంథిలిన్‌నూ, వేగం పెంచే మెటోక్లోప్రమైడ్‌నూ ఇచ్చి, మొదటిదానితో పారాసిటమాల్ ఆలస్యంగా, రెండోదానితో త్వరగా రక్తంలోకి వస్తోందని నిర్ధారించుకున్నారు. కొలబద్దను రెండు వైపుల నుంచీ సరిచూసుకున్నారన్నమాట. గొట్టాలు దించే పని లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

కొత్త సూదులను తయారుచేసినవాళ్లూ ఈ పాత పద్ధతినే పట్టుకున్నారు. సెమాగ్లుటైడ్ 1 మిల్లీగ్రాము మోతాదు వాడేవాళ్లలో, భోజనం తర్వాత మొదటి గంటలో రక్తంలోకి చేరిన పారాసిటమాల్ 27 శాతం తగ్గింది. అయిదు గంటల లెక్క చూస్తే మొత్తంలో తేడా లేదు. టిర్జెపటైడ్ 5 మిల్లీగ్రాముల మొదటి డోసు తర్వాత రక్తంలో పారాసిటమాల్ గరిష్ఠ స్థాయి సగానికి పడిపోయింది, ఆ స్థాయికి చేరడానికి ఒక గంట ఆలస్యమైంది. నాలుగో వారానికి ఆ తేడా కూడా పోయింది. గండికోట దిగువన మైలవరం డ్యాము గేటు కొంచెం దించితే నీళ్లు పొలానికి ఆలస్యంగా చేరతాయే తప్ప వాటా తగ్గదు కదా, ఇక్కడ జరిగిందీ అదే. అందుకే ఈ సూదులతో పారాసిటమాల్ డోసు మార్చుకోనక్కర్లేదు. సూది మొదలుపెట్టిన తొలి వారాల్లో తలనొప్పి తగ్గడానికి కాస్త ఎక్కువసేపు పట్టవచ్చు. మాత్ర పనిచేయలేదనుకుని గంటకే ఇంకోటి మింగడం మాత్రం ప్రమాదం. 650 మాత్ర అయితే ఆరు గంటల ఎడం ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి. సూది వల్ల తిండి బాగా తగ్గిపోయినవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు అంత దూరం వెళ్లకూడదు, తమ పరిమితి ఎంతో డాక్టరునే అడగాలి. ఎడిన్‌బరో నలుగురిలో ఒకరైన ప్రెస్కాటే తర్వాత పారాసిటమాల్ ఎక్కువైనవాళ్లకు ఎసిటైల్‌సిస్టీన్‌ను విరుగుడుగా నిలబెట్టారు. ఒకే మాత్ర ఉపయోగాన్నీ, దాని ప్రమాదాన్నీ ఇంత శ్రద్ధగా చదివిన మనిషి మీద నాకు చెప్పలేనంత గౌరవం.

అయితే ఆ పరీక్ష కడుపు సంగతే చెబుతుంది. మూత్రపిండాల సంగతి వేరు. ఎండ మండే గండికోటలాంటి చోట అసలు జాగ్రత్త అక్కడే కావాలి.

ఏప్రిల్, మే నెలల్లో కోటలో రాయి కాలిపోతుంటుంది. మాధవరాయ ఆలయం నుంచి పెన్నా లోయ అంచు దాకా నడిచేసరికే నోరు ఎండిపోతుంది. పైగా సూది మొదలుపెట్టినప్పుడో, డోసు పెంచినప్పుడో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. అలాంటి వేళ మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తెరిచి ఉంచుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారానే. రక్షణ కూడా దాంతోపాటే పోతుంది. బీపీకి టెల్మిసార్టన్, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర కూడా వాడుతుంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ల మూత్రపిండాలు అప్పటికే బలహీనపడి ఉండవచ్చు.

కాంబిఫ్లామ్‌ను చాలామంది జ్వరం మాత్ర అనే అనుకుంటారు. అందులో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములతో పాటు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు కూడా ఉంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాల్సింది ఇందుకే. నడుముకు వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కడుపు దారి తప్పించుకుంటుంది గానీ మూత్రపిండాల దారి తప్పించుకోలేదు. నొప్పి ఒక్క మోకాలికే ఉంటే పైన రాసే జెల్ మేలు, అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. వాంతులవుతున్నప్పుడు ఐబుప్రొఫెన్ రకం మాత్రలు ఆపి, ఓఆర్ఎస్ తాగుతూ డాక్టరుకు చూపించుకోవాలి.

ఏ మాత్రతోనూ అణచుకోకూడని నొప్పి ఒకటుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే, విడవని, వాంతులతో కూడిన నొప్పి. అది క్లోమం వాపు కావచ్చు. గండికోటలో ఉండగా అలా వస్తే పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు ఆసుపత్రికి వెంటనే బయల్దేరాలి. తర్వాతి సూది వేసుకోకూడదు. వెళ్లగానే ఆఖరి సూది ఏ రోజు వేసుకున్నదీ డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే సెమాగ్లుటైడ్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది.