కుర్చీ ఎక్కడ వేయాలి

గదిలో మూడు కుర్చీలున్నా ఆమె కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని, "నానెక్కడ కూకోనమ్మా?" అంది. (ఆనవాళ్లు మార్చే రాస్తున్నాను.)

విజయనగరంలో సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, వారానికి రెండు రోజులు కౌన్సెలింగ్‌కి కూర్చుంటున్నాను. ఆ ప్రశ్నలో రెండు గాయాలున్నాయని నాకు వెంటనే తట్టలేదు. ఒంటి మీద జరిగిన దాడి ఒకటి. పుట్టిన దగ్గర్నుంచీ పెద్దకులాల అరుగుల ముందు నిలబడే ఉండటం ఇంకొకటి.

"నీకెక్కడ బాగుంటే అక్కడే తల్లీ" అన్నాను. కుర్చీని గుమ్మం పక్కకి లాక్కుంది, వీధి కనబడేటట్టు. తలుపు వేయొద్దంది. పాత ఫ్యాను గోలలోనే పాప బడి గురించీ, జీడితోటలో కూలి గురించీ మాట్లాడుకున్నాం. జరిగినదాని గురించి నేనొక్క మాటా అడగలేదు.

ముందు భద్రత, ఆ తర్వాతే తలచుకుని ఏడవడం అని మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే రాశారు. క్లాసులో ఏళ్లపాటు చెప్పిన పాఠమే. అమెరికాలో పెప్పర్‌డైన్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ థీమా బ్రయంట్ జాతి వివక్ష చేసిన గాయం మీదా, లైంగిక హింస చేసిన గాయం మీదా పనిచేశారు. నాట్యాన్నీ కవిత్వాన్నీ కూడా ఆ పనిలోకి తెచ్చారు. 2023లో అమెరికా సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆవిడ జాతి అన్నచోట నేను కులం, తెగ అని చదువుకుంటాను.

చదువుతుంటే వాకపల్లే గుర్తొస్తుంది. 2007 ఆగస్టు 20న మన పక్క మన్యంలోని ఆ ఊళ్లో, పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు తెగ ఆడవాళ్లు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు నిందితులను నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా సాగలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మంది. మధ్యలో దాదాపు పదహారేళ్లు. అన్నేళ్లలో ఎందరి ముందు, ఇంటి భాష కాని భాషలో, అదే సంగతి మళ్లీ మళ్లీ చెప్పి ఉంటారో! వాళ్లకి కుర్చీ వేసి, ఎక్కడ కూర్చుంటావమ్మా అని అడిగినవాళ్లు ఎందరుంటారు? నాకు కడుపు రగిలేది అక్కడే.

ఆమె నాలుగోసారి వచ్చినప్పుడు తలుపు తనే వేసింది. కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుంది. కాసేపు పైకి చూసి,

"ఆ ఫేను ఆపమ్మా, నీకినిపించదు" అంది.