పొగలో ఆకును పోల్చుకోవడం

పైపు పొగాకు డబ్బా మూత తీయగానే అగ్గిపుల్ల గీసేవారికి ఆ మిశ్రమంలో సగం అందకుండానే పోతుంది. మూత తీసిన క్షణాన ముక్కుకు తగిలేది లటాకియా అనే పొగబెట్టిన ఆకు ఒక్కటే. కట్టెల పొయ్యి మీద పొగచూరిన పాలు, తారు పూసిన పడవ, తోలు చెప్పుల కొట్టు కలిసినట్టుంటుంది ఆ వాసన. దాని చాటున మరో మూడు ఆకులున్నాయని తెలియాలంటే చిటికెడు పొగాకు కాగితం మీద పరిచి పావుగంట ఆగాలి. పొగ వాసన సద్దుమణిగాక ఎండుగడ్డి, ఎండుద్రాక్ష, పులిసిన పండు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

నేను చెబుతున్నది పాతకాలపు ఇంగ్లిష్ మిక్స్చర్ గురించి. వనిల్లా, చెర్రీ లాంటి పైవాసనలు చల్లకుండా, ఆకుకు ఆకు తోడిచ్చి రుచి కట్టే పద్ధతి అది. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచినప్పుడు, వచ్చినవారి ఇష్టాన్ని బట్టి ఆకులు కలిపి ఇచ్చేవారు. ఆ పాళ్లను నంబరు వేసి పుస్తకంలో రాసి పెట్టేవారు. పేరుపడ్డ ‘మై మిక్స్చర్ 965’ ఆ వరుసలోదే. మిశ్రమం కట్టడం నిజమైన కళ అని నేను నమ్ముతాను. కలిపేవాడు నాలుగు ఆకుల స్వభావం ఎరిగినవాడై ఉండాలి, రుచి చూసేవాడు వాటిని మళ్లీ విడదీసి పోల్చుకోగలగాలి.

అన్నిటికీ ఆధారం వర్జీనియా ఆకు. దాన్ని పసుపుగా ఆరబెట్టే పద్ధతి అనుకోకుండా దొరికింది. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో, అబీషా స్లేడ్ పొలంలో బానిసగా ఉన్న స్టీఫెన్ అనే యువకుడు ఆకు ఆరబెడుతూ కునుకు తీశాడు. లేచేసరికి మంట ఆరిపోవచ్చింది. గబగబా బొగ్గులు తెచ్చి వేశాడు. ఆ ఉన్నట్టుండి పెరిగిన వేడికి ఆకు మెరిసే పసుపు రంగుకు తిరిగింది. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారిన అదనులో వేడి పెంచి ఆరబెడితే, ఆ తీపి ఆకులోనే నిలిచిపోతుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కన పెరిగిన నాలాంటివాళ్లకు ఇది చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఆకు రెలిచి, కర్రలకు అల్లి, బ్యారన్‌లోకి ఎక్కించాక రంగు పట్టేదాకా సన్నని వేడే పెట్టాలి. తొందరపడితే పచ్చదనం ఉండిపోతుంది, ఆలస్యమైతే ఆకు నల్లబారుతుంది. అందుకే ఆ రాత్రుళ్లు ఇంట్లో ఎవరో ఒకరు థర్మామీటరు దగ్గర మేలుకునే ఉండేవారు. తర్వాత గ్రేడింగ్‌కు కూర్చున్న ఆడవాళ్లు ఆకును వేళ్ల మధ్య ఒక్కసారి జార్చి, మొక్కలో అది ఏ ఎత్తున పుట్టిందో చెప్పేవారు. పైపు గిన్నెలో నేను వెతికేదీ ఆ తేడానే. నిమ్మపండు రంగు ఆకు పచ్చిగడ్డిలా, కాస్త పుల్లగా తగులుతుంది. ఎర్రబారిన ఆకులో కాల్చిన రొట్టె, బెల్లం కనిపిస్తాయి.

బ్యారన్‌లో మేం ఎంతో జాగ్రత్తగా ఆకుకు దూరంగా ఉంచేది పొగను. వేడి గొట్టాల్లోంచే రావాలి, పొగ సోకిందా ఆకు పాడైనట్టే. లటాకియాకు ఆ పొగే ప్రాణం. సిరియాలోని రేవు పట్టణం పేరు అది. ఇప్పుడు మిశ్రమాల్లో ఎక్కువగా కనిపించేది సైప్రస్‌ది. ఎండలో ఆరిన ఆకును మూసిన కొట్టాల్లో వేలాడదీసి, కింద మాస్టిక్, మర్టల్, పైన్, ఓక్ లాంటి కట్టెలు మంట లేకుండా రాజేస్తారు. ఆకు నల్లగా మారుతుంది. చూడటానికి భయపెడుతుంది గానీ ఘాటు తక్కువ, తీపీ తక్కువే. ఆ తీపి లోటును వర్జీనియా పూడుస్తుంది. క్సాంథీ, ఇజ్మీర్, సామ్‌సున్ ప్రాంతాల చిన్నచిన్న ఓరియంటల్ ఆకులు ఈ రెండింటి మధ్య పులుపూ, ధూపం లాంటి సువాసనా తెచ్చి పెడతాయి.

ఇక పెరీక్. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో ఆకును విస్కీ పీపాల్లో కుక్కి, మరలతో బిగించి, ఏడాదికి పైగా దాని రసంలోనే దాన్ని ఊరనిస్తారు. నడుమ నడుమ తీసి, గాలి తగలనిచ్చి, మళ్లీ కుక్కుతారు. జాడీలో ఆవకాయ ఊరడం తెలిసినవాళ్లకు దాని రుచి ఎలా పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మిరియం, నల్లద్రాక్ష, అడుగున పులుపు. పోపులో ఇంగువంతే వెయ్యాలి.

ముట్టించే ముందు పదును చూడాలి. చిటికెడు వేళ్ల మధ్య నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ, పెళపెళలాడితే ఎండిపోయినట్టు. గిన్నె నింపేటప్పుడు అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ గట్టిగా నొక్కాలి. మొదటి నిప్పు పైపొరను మాడ్చడానికే. ఆకు ఉబ్బి లేస్తుంది, సున్నితంగా అణిచి రెండోసారి ముట్టించాలి. ఆ తర్వాత కావలసింది నిదానం. వేడి టీ చప్పరించినట్టు చిన్నచిన్నగా లాగాలి. పొగను లోపలికి పీల్చకుండా నోట్లో తిప్పి, కొద్దిగా ముక్కు గుండా వదలాలి. తీపి, పులుపు, చేదు నాలుక చెబుతుంది, మిగిలిన రుచంతా ముక్కుదే. పెరీక్ ఉందా లేదా అన్నది నాకెప్పుడూ ముక్కులో రేగే మిరియపు చురుకే తేలుస్తుంది.

పైభాగంలో లటాకియా పెత్తనం చేస్తుంది. సగానికి వచ్చేసరికి ఓరియంటల్ ఆకు తేలాలి. తేలకపోతే ఆ మిశ్రమాన్ని నేను మెచ్చుకోను, పొగవాసన చాటున తక్కువ రకం ఆకు దాచినట్టే అనిపిస్తుంది. చివరి భాగం అసలు పరీక్ష. చేదెక్కకుండా, వర్జీనియా తీపి గాఢమవుతూ, అడుగున పొడి బూడిద మిగలాలి. నాలుక చుర్రుమంటే వెంటనే మిశ్రమాన్ని తప్పుపట్టకూడదు. తడి ఆకు, తొందర దమ్ము కూడా అదే పని చేస్తాయి. అందుకే ఒక్క గిన్నెతో ఏ తీర్పూ చెప్పను. వేరే వేరే రోజుల్లో, వాసన పట్టని మొక్కజొన్న కంకి పైపులో, భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తాను.

పొగ లోపలికి పీల్చకపోయినా హాని తప్పదు. నోటి క్యాన్సర్ ముప్పు పైపుకూ ఉంది, నోటి లోపలి పొర నుంచే నికోటిన్ ఒంటికి ఎక్కుతుంది. ఈ సంగతి తెలిసే నేను తాగడం బాగా తగ్గించాను. వాసన చూడటం మాత్రం తగ్గించలేదు. మూత బిగిసిన డబ్బాలో ఆకు ఏళ్ల తరబడి మారుతూనే ఉంటుంది. వర్జీనియా పచ్చిదనం పోయి మాగుతుంది, లటాకియా పదును మెత్తబడుతుంది. ఇవాళ నేను రాసుకున్న మాటలు ఇవాళ్టి ఆకుకే చెల్లుతాయి. అందుకే ప్రతి మిశ్రమం రెండేసి డబ్బాలు కొని, అడుగున తేదీ వేసి, రెండోదాన్ని తెరవకుండా బీరువాలో పెడతాను.