సమాధియొద్ద మన ప్రసంగము: అహీతోపెలు మరణ వృత్తాంతము వెలుగులో ఒక విమర్శ

ఆత్మహత్య చేసికొనిన విశ్వాసి భూస్థాపనలో కాపరి ఏమి చెప్పాలి? అనంతపురము ప్రాంతములో ఇది తరగతి గదికి పరిమితమైన ప్రశ్న కాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. వేరుశనగ ఎండిపోయి, బోర్లలో నీళ్లు పడక, అప్పుల మధ్య ఆశ విడిచినవారిని మన సంఘములు కూడా పాతిపెట్టాయి.

ఆ సమాధులయొద్ద మనము ఏమి చేస్తున్నాము? నరహత్యను నిషేధించే ఆజ్ఞ చదువుతాము, ఇస్కరియోతు యూదాను ఉదాహరిస్తాము, నరకమును గూర్చి హెచ్చరిస్తాము. కొన్నిచోట్ల దేహమును మందిరములోనికి తేనివ్వరు. చాలా ఏండ్ల క్రిందట కళ్యాణదుర్గము వైపు ఒక పల్లెలో మేమును అట్టి ప్రసంగమే చేశాము. సత్యము చెప్పామనుకొన్నాము. కొన్ని నెలల తరువాత మృతుని తమ్ముడు మాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, ఆ పొద్దు నాకూ అదే తలపు ఉండె. మీ మాట ఇన్న్యాక ఎవురితో చెప్పుకోవల్లో తెలీలేదు."

భూస్థాపన ప్రసంగమును చనిపోయినవాడు వినడు. అదే తలంపుతో గుంపులో నిలిచియున్నవాడు వింటాడు. మన విమర్శకు ఆధారము ఇదే.

వాక్య పరిశీలన

2 సమూయేలు 17:23లో అహీతోపెలు తన ఆలోచన చెల్లలేదని చూచి, ఊరికి వెళ్లి, ఇల్లు చక్కబెట్టుకొని, ప్రాణము తీసికొన్నాడు. అతడు దావీదుకు ద్రోహము చేసినవాడు గనుక అతనిని యూదాతో పోల్చుట వాడుక. అయితే ఆ వచనము ఎట్లు ముగిసినదో మనము గమనించము: అతడు తన తండ్రి సమాధిలో పాతిపెట్టబడ్డాడు. అక్కడ తీర్పు మాట ఒక్కటీ లేదు. సౌలు విషయములో యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచి దేహమును తెచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసమున్నారు. దావీదు వారిని దీవించాడు.

ఆత్మహత్య పాపము కాదని మేము వాదించడము లేదు. 5వ శతాబ్దములో అగస్టీను దానిని ఆజ్ఞాతిక్రమముగానే ఎంచాడు. కాని అట్టివారికి భూస్థాపన క్రమమును నిరాకరించుట 6వ శతాబ్దపు బ్రాగా సభ వంటి సభలు చేసిన కట్టడ, లేఖనాజ్ఞ కాదు. రోమను కతోలిక సంఘము సైతము 1983 నాటి సంఘ చట్టములో ఆ నిషేధమును విడిచిపెట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించమంటున్నది. చట్టము చూచిన భారమును సంఘము చూడకపోవుట సిగ్గుచేటు.

ఒక ఆక్షేపణ

మృదువుగా మాట్లాడితే ఆత్మహత్యను ప్రోత్సహించినట్లు కాదా? ఈ భయము న్యాయమైనదే. ఆ మరణమును పొగడకూడదు, విడుదలగా వర్ణించకూడదు. అయితే బెదిరింపు తలంపును ఆపదు, నోటిని మాత్రమే మూస్తుంది. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు కత్తి దూసినప్పుడు పౌలు నరకమును గూర్చి బోధించలేదు. హాని చేసికోవద్దని, తామందరు అక్కడే ఉన్నామని కేకవేశాడు. రక్షణను గూర్చిన ప్రశ్న ఆ తరువాత వచ్చింది.

మన పరిచర్యకు

పొరుగున ఉన్న బళ్లారి జిల్లాలో 1980 దశకములో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి మానసిక వ్యాధులను గుర్తించే శిక్షణ ఇచ్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదే మాదిరి. ఇంటింటికి తిరిగే కాపరి ఆపాటి నేర్చుకొనలేడా? నిద్రలేనివానిని, ఆరాధన మానినవానిని, చావు మాట ఎత్తినవానిని ఏకాంతముగా సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. దయ్యమని తేల్చకముందే వైద్యునియొద్దకు వెంటబెట్టుకొని వెళ్లాలి. మాత్రలు వాడుట అవిశ్వాసమని చెప్పకూడదు. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ నంబరు 14416ను మందిరపు గోడమీద వ్రాయించాలి.

మృతుని తీర్పు దేవునిది. మనకు అప్పగింపబడినది గుంపులో నిలిచియున్న ఆ తమ్ముడు.